బ్రాయిలర్ రైతుకు తూకం చీటీ ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

ఆయిల్ పామ్ గెలల ధర ఎలా నిర్ణయమవుతుందో రైతుకు తెలుసు. ముడి పామాయిల్ ధర, గెల నుంచి వచ్చే నూనె శాతం, గింజ ధర కలిపి లెక్క కట్టి టన్నుకు ఇంత అని ప్రకటిస్తారు. ఇది కంపెనీల దయ కాదు. 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ఆయిల్ పామ్ చట్టం వల్ల వచ్చింది. ఆ చట్టం కింద ఒక్కో కంపెనీకి కొన్ని మండలాలు ఫ్యాక్టరీ జోన్‌గా ఇచ్చారు. ఆ జోన్‌లో రైతు కోసిన గెలలను ఆ కంపెనీ కొని తీరాలి. నూనె శాతం తక్కువ చూపిస్తున్నారని గోదావరి జిల్లాల రైతులు గొడవ చేయగలిగారన్నా, తెలంగాణలోని అశ్వారావుపేట ఫ్యాక్టరీ శాతాన్నే తమకూ లెక్కలోకి తీసుకోవాలని పట్టుబట్టగలిగారన్నా, ఆ శాతం అనేది కాగితం మీద ఉండబట్టే.

అదే ఊళ్లో పామాయిల్ తోట పక్కన బ్రాయిలర్ షెడ్డు ఉంటుంది. అక్కడా కంపెనీయే సరుకు ఇస్తుంది, కంపెనీయే సరుకు తీసుకెళ్తుంది. కానీ ఏ లెక్క ప్రకారం డబ్బు చేతికొచ్చిందో చెప్పమంటే చాలామంది పెంపకందారులు చెప్పలేరు. వాళ్లకు తెలివి లేక కాదు, లెక్కలో సగం అంకెలు వాళ్లకు చూపించరు గనక. కంపెనీ పిల్లలూ దాణా ఇచ్చి రైతు షెడ్డులో కోళ్లు పెంచించే ఈ ఇంటిగ్రేషన్ ఒప్పందాలకు కూడా రెండు తెలుగు రాష్ట్రాలూ ఒక చట్టం తేవాలి. అందులో ఏముండాలో షెడ్డు దగ్గర నుంచే చెప్పుకు రావాలని ఈ ఉత్తరం.

మన దగ్గర కోళ్ల పరిశ్రమకు పునాది వేసిన వెంకటేశ్వర హ్యాచరీస్‌ను డాక్టర్ బి.వి. రావు 1971లో హైదరాబాద్‌లో ప్రారంభించారు. తర్వాత కోయంబత్తూరు, ఉడుమలైపేట వైపు నుంచి కాంట్రాక్టు పద్ధతి బ్రాయిలర్ పెంపకం పాకింది. నేడు పెద్ద కంపెనీ అంటే తాత తరం కోళ్లు, తల్లి కోళ్లు, హ్యాచరీ, దాణా మిల్లు, మందులు, అమ్మకం అన్నీ ఒకే చేతిలో ఉన్న సంస్థ. ఈ గొలుసులో ఒకే ఒక్క లంకెను కంపెనీ తన దగ్గర పెట్టుకోలేదు. అది పెంపకం. భూమి, షెడ్డు, నీళ్లు, కరెంటు, కూలీ, ఊక, బ్రూడింగ్‌కు, అంటే చిన్న పిల్లలను వెచ్చగా ఉంచడానికి, గ్యాస్ లేదా బొగ్గు రైతువి. కోడి పిల్లలు, దాణా, మందులు, సూపర్‌వైజర్ కంపెనీవి. కోడి ఎప్పటికీ కంపెనీదే. రైతుకు వచ్చేది కిలోకు ఇంత అనే పెంపకం కూలి. దాన్నే గ్రోయింగ్ చార్జీ అంటున్నాం.

ఈ పద్ధతిని తిట్టడం మా ఉద్దేశం కాదు. సొంతంగా పిల్ల కొని, దాణా కొని, కోడి అమ్ముకునే రైతు మార్కెట్ కిలోకు పాతిక రూపాయలు పడిపోతే ఒక్క బ్యాచ్‌లో మునిగిపోతాడు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కరోనా పుకార్లకు చికెన్ కొనేవాళ్లు లేక సొంత పెంపకందారులు ఎంత నష్టపోయారో అందరూ చూశారు. ఇంటిగ్రేషన్‌లో ఆ దెబ్బ కంపెనీ మీద పడుతుంది. ధర భయం తీరడం చిన్న విషయం కాదు. కానీ ధర భయం పోయిన చోట ఇంకో భయం వచ్చింది. కంపెనీ చేసిన తప్పు రైతు లెక్కలో పడుతోంది.

అది ఎలాగో అంకెల్లో చూడాలి. ఇవి ఏ ఒక్క కంపెనీ రేట్లూ కావు, లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. 5,000 పిల్లలు వేశారు. 200 చనిపోయాయి. మిగిలిన 4,800 కోళ్లు సగటున 2.1 కిలోలు తూగాయి. మొత్తం 10,080 కిలోలు. కిలో బరువుకు 1.6 కిలోల దాణా, అంటే ఎఫ్‌సీఆర్ 1.6. దాణా 16,128 కిలోలు, 50 కిలోల బస్తాలు దాదాపు 323. పిల్లకు 30 రూపాయలు, దాణా కిలోకు 40, మందులకూ కంపెనీ నిర్వహణకూ కలిపి పిల్లకు 9 రూపాయలు వేసుకుంటే కిలో కోడి తయారీ ఖర్చు 83 రూపాయల 35 పైసలు. కంపెనీ పెట్టుకున్న ప్రామాణిక ఖర్చు 84 అనుకుందాం. 65 పైసలు మిగిలాయి. అందులో సగం రైతుకు ప్రోత్సాహకం. కనీస చార్జీ కిలోకు 6.50 అయితే రైతు చేతికి సుమారు 68,800 వస్తుంది. ఖర్చు 84 దాటితే దాటినదాంట్లో సగం కోత. ఇదీ సూత్రం. ఒక్కో కంపెనీలో అంకెలు మారతాయి, సగం బదులు ఇంకో వాటా ఉంటుంది, సరాసరి బరువును 2 కిలోలకు సరిదిద్ది ఎఫ్‌సీఆర్ చూసేవాళ్లూ ఉన్నారు. అస్థిపంజరం మాత్రం ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పిల్లకు 30, దాణాకు 40 అన్నవి బజారు ధరలు కావు. కంపెనీ తన పుస్తకంలో రాసుకున్న ధరలు. దాణా ధర రాసుకోవడంలో రెండు రూపాయలు పెంచి, ప్రామాణిక ఖర్చును అలాగే ఉంచితే, రైతు ఒక్క గింజ వృథా చేయకపోయినా కోత పడుతుంది. కాబట్టి చట్టంలో మొదటి మాట ఇది కావాలి: ఈ ధరలూ, ప్రామాణిక ఖర్చూ పిల్లలు దించే రోజునే తెలుగులో రాసి రైతు చేతికివ్వాలి. బ్యాచ్ అయ్యేదాకా మార్చకూడదు.

తర్వాత పిల్లల సంగతి. ఒక రోజు వయసు పిల్ల 40 గ్రాములకు అటూఇటూ ఉండాలి. ఇప్పుడిప్పుడే గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన తల్లి కోళ్ల గుడ్డు చిన్నది. గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులే పిల్ల బరువు, కాబట్టి ఆ పిల్లా చిన్నదే. దానికి వెచ్చదనం ఎక్కువ కావాలి, మొదటి వారంలో చావులూ ఎక్కువే. ఒకే రోజు, ఒకే ఊళ్లో, పక్కపక్క షెడ్లలో ఒకరికి 44 గ్రాముల పిల్ల, ఇంకొకరికి 36 గ్రాముల పిల్ల దిగితే ఇద్దరి పెంపకాన్ని ఒకే సూత్రంతో కొలవడం ఏం న్యాయం? అమెరికాలో 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం పిల్లలు దించిన 24 గంటల్లోపు వాటి జాతి, ఏ తల్లి కోళ్ల ఫారం నుంచి వచ్చాయి, ఆ తల్లి మంద వయసెంత, దానికేమైనా జబ్బు వచ్చిందా అన్నవి కంపెనీ రైతుకు రాసివ్వాలి. కాంట్రాక్టు కోళ్ల పెంపకం పుట్టిన దేశంలో ఇన్నేళ్లకు అది తప్పనిసరైంది. మనం అన్నేళ్లు ఆగనక్కర్లేదు.

మొదటి వారం చావుల్లో కంపెనీ తప్పేది, రైతు తప్పేది అన్నది తేల్చడం కుదరదని కంపెనీలు అంటాయి. చాలావరకు కుదురుతుంది. పిల్లలు దించేటప్పుడు ఐదు పెట్టెలు కాటా మీద పెట్టి, ఖాళీ పెట్టెల బరువు తీసేసి, పిల్లల సంఖ్యతో భాగిస్తే సరాసరి బరువు వస్తుంది. షెడ్డును ముందే వేడి చేసి మొదటి రోజు పిల్ల ఎత్తులో 32, 33 డిగ్రీలు ఉంచారా, ఊక రెండు మూడు అంగుళాలు పరిచారా అన్నది థర్మామీటరు రాతలతో, ఫొటోతో తెలుస్తుంది. 24 గంటలు గడిచాక అక్కడక్కడా నూరు పిల్లలను పట్టి గొంతు కింది మేత సంచి తడిమి చూడాలి. 95కి పైగా పిల్లల్లో నిండుగా మెత్తగా ఉంటే రైతు తన పని చేసినట్టే. అప్పటికీ మూడో రోజు నుంచి పిల్లలు రాలిపోతూ, కోసి చూస్తే బొడ్డు మానక, పచ్చసొన కరగక కుళ్లు వాసన వస్తుంటే అది హ్యాచరీ నుంచి వచ్చిన సూక్ష్మజీవి. చలి తగిలినా, నీళ్లు ఆలస్యంగా అందినా పచ్చసొన సరిగా కరగదన్నది నిజమే. అందుకే ఉష్ణోగ్రత రాతలు, మేత సంచి పరీక్ష రెండూ సూపర్‌వైజర్ సంతకంతో ఉండాలి. ఏడో రోజుకు పిల్ల తన బరువుకు నాలుగు రెట్లు దాటిందా లేదా అన్నది ఇంకో సాక్ష్యం.

పై లెక్కలోనే చూడండి. పిల్లలు బాగాలేక 200 బదులు 450 తొలి రోజుల్లోనే పోయాయనుకుందాం. మిగిలిన 4,550 కోళ్లూ అంతే బాగా, 2.1 కిలోలకు పెరిగాయి. చచ్చిన పిల్లలు తిన్న కాస్త దాణా కూడా కలిపి 15,350 కిలోలు. తయారీ ఖర్చు 84.67కి చేరుతుంది. ప్రోత్సాహకం పోయి కోత పడుతుంది. చేతికొచ్చేది సుమారు 58,900. హ్యాచరీ తప్పుకు రైతు కట్టిన జరిమానా దాదాపు 9,900 రూపాయలు. మొదటి వారంలో ఒక శాతం మించిన చావులు, పైన చెప్పిన రాతలు రైతు పక్షాన ఉంటే, పిల్లల లెక్కలో నుంచి తీసేయాలి. చనిపోయిన పిల్ల ధర రైతు ఖాతాలో రాయకూడదు.

దాణా దగ్గర జరిగేది ఇంకా సాదా విషయం, తూకం. బస్తాకు అర కిలో తక్కువ ఉంటే చేత్తో ఎత్తి ఎవరూ పోల్చలేరు. 323 బస్తాలకు అది 161.5 కిలోలు. దాని విలువ 6,460 రూపాయలు, సూత్రం ప్రకారం అందులో సగం, 3,230, రైతు జేబులోంచి పోతుంది. పైగా లెక్కలో అతని ఎఫ్‌సీఆర్ చెడ్డగా కనిపిస్తుంది. బస్తాలో తేమ ఆరిపోయి తగ్గొచ్చు, మిల్లులో కాటా తప్పొచ్చు, దారిలో తీసి ఉండొచ్చు. కారణం ఏదైనా, దించేటప్పుడు ప్రతి లోడులో పది బస్తాలు తూచి ఆ సరాసరినే రైతు ఖాతాలో రాస్తే సరిపోతుంది. మిల్లు రాసిన బరువు చెల్లదనాలి.

తూకం తర్వాత నాణ్యత. మొక్కజొన్నలో తేమ 14 శాతం మించితే బూజు పడుతుంది. బూజు విషం దాణాలోకి వస్తే కోడి చావకపోవచ్చు, కానీ తిన్నది ఒంటికి పట్టదు, కాలేయం పాలిపోయి ఉబ్బుతుంది, టీకా వేసినా పట్టు తక్కువ. ఎఫ్‌సీఆర్ పెరిగితే సూపర్‌వైజర్ ముందుగా అనే మాట దాణా ఒలకబోశావనో, అమ్ముకున్నావనో. అంతా ఆ అనుమానం మీదే నడుస్తుంది. ప్రతి లోడు నుంచి కిలో దాణా తీసి రెండు సంచుల్లో కట్టి, ఇద్దరూ సంతకం చేసి సీలు వేసి, లెక్క తేలేదాకా ఒకటి రైతు దగ్గర, ఒకటి కంపెనీ దగ్గర పొడి చోట ఉంచితే సందేహం వచ్చినప్పుడు పరీక్షకు పంపొచ్చు. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఒప్పందం మీద తగాదా వస్తే ఆ నమూనాను అక్కడ పరీక్షించేలా, ఓడినవాళ్లు ఫీజు కట్టేలా రాస్తే చాలు.

ఈ తూకాలు కంపెనీకీ మేలే. దాణా బస్తాలు బయట అమ్ముకునే పెంపకందారులు లేరని మేమనం. ఉన్నారు. రాత్రిపూట కోళ్లను పక్కకు తప్పించేవాళ్లూ ఉన్నారు. పరదాలు దించి గాలి బిగించి, అమ్మోనియా కళ్లు మండేదాకా ఊక తిరగేయకుండా, డ్రింకర్ల కింద తడి ఊక మార్చకుండా, తర్వాత కంపెనీ పిల్ల బాగాలేదని చెప్పేవాళ్లనూ చూస్తున్నాం. ఊక తడిస్తే రక్త పారుడు వస్తుంది, దానికి పిల్ల నాణ్యతతో పనిలేదు. మంచి పెంపకందారుడికీ చెడ్డ పెంపకందారుడికీ తేడా కనపడాలంటే కంపెనీ ఇచ్చిన సరుకు తూకం ముందు తేలాలి.

ఇక లిఫ్టింగ్, అంటే పెరిగిన కోళ్లను కంపెనీ ఎత్తుకెళ్లడం. రైతుకు మాట చెల్లని చోటు ఇదే. కోడి 38 నుంచి 42 రోజుల మధ్య ఎత్తాలి. మార్కెట్ బాగుంటే కంపెనీ ముందే ఎత్తుతుంది, పడిపోతే ఆపుతుంది. రెండూ రైతు మీదే పడతాయి. 1.7 కిలోలకే ఎత్తితే, ఎఫ్‌సీఆర్ 1.48కి తగ్గినా, బరువు 8,160 కిలోలే. చేతికి సుమారు 56,700. అంటే 12 వేలు తక్కువ. పిల్ల దించడం, బ్రూడింగ్ గ్యాస్, ఊక ఖర్చు మాత్రం తగ్గదు. ఆపితే ఎలా ఉంటుందో చూద్దాం. ఆ వయసులో కోడి రోజుకు 180, 200 గ్రాముల మేత తింటుంది. 4,800 కోళ్లకు రోజుకు 18 బస్తాలు. ఐదు రోజులు ఆపితే 90 బస్తాలు తిని సగటున 2.575 కిలోలకు చేరాయనుకుందాం. చలికాలమైతే ఇది రైతుకు నష్టం కాదు, బరువు పెరిగి కూలి కూడా పెరుగుతుంది. ఈ మాట దాచనక్కర్లేదు. అదే మే నెల అయితే? ఒంటి నిండా కండ పట్టిన కోడి 42 డిగ్రీల ఎండలో ఒగర్చి ఒగర్చి పడిపోతుంది. మధ్యాహ్నం ఒక గంట కరెంటు పోయి నీటి తుంపర చల్లే ఫాగర్లు ఆగితే చాలు. 300 కోళ్లు పోయాయనుకోండి. అవి తిన్న మేతంతా లెక్కలో ఉంటుంది, వాటి బరువు ఉండదు. తయారీ ఖర్చు 88 దాటుతుంది. చేతికొచ్చేది సుమారు 52 వేలు. ఐదు రోజులు ఎక్కువ చాకిరీ చేసి దాదాపు 17 వేలు పోగొట్టుకున్నాడు.

కాబట్టి 42వ రోజు దాటాక జరిగే చావులు, మేత రైతు ఖాతాలోకి రాకూడదు. ఆ రోజు నుంచి కోడికి రోజుకు ఇంత అని కావలి కూలి కట్టాలి. అలాగే, ఎత్తేటప్పుడు తూకం షెడ్డు గేటు దగ్గరే జరగాలి. మేత ఆపిన గంట రాయాలి, ఖాళీ బుట్టల బరువు ముందే తూచి తీసేయాలి. కొన్ని గంటలు ప్రయాణం చేశాక వేబ్రిడ్జి మీద తూచిన బరువులో తరుగు ఉంటుంది, అది కొన్నవాళ్లకూ కంపెనీకీ మధ్య విషయం.

ఖాళీ షెడ్డు గురించి రెండు మాటలు. షెడ్డు శుభ్రం చేసి, సున్నం వేసి, ఆరబెట్టడానికి 12, 15 రోజుల విరామం కావాలి. ఆ లెక్కన ఏడాదికి ఆరు బ్యాచ్‌లు పడాలి. కంపెనీ పిల్లలు ఆలస్యం చేస్తే ఐదే, ఒక్కోసారి నాలుగే. బ్యాంకు అప్పు ఐదు నుంచి ఏడేళ్లు. పెంపకం ఒప్పందం ఆరు వారాలకు ముగిసిపోతుంది. ప్యాడ్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టి లోపలి వేడిని అదుపులో ఉంచే ఈసీ షెడ్డు వేయమని కంపెనీయే ప్రోత్సహించినప్పుడు, ఏడాదికి కనీసం ఇన్ని బ్యాచ్‌లని అప్పు తీరేదాకా హామీ ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ కాగితం చూసే అప్పివ్వాలి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చంపిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, మేతకు ప్రభుత్వం పరిహారం లెక్కకడుతుంది. షెడ్డు నెలల తరబడి ఖాళీగా ఉన్న రైతుకు అందులో పేరు లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు తేలినప్పుడైనా ఈ ప్రశ్న అడగాల్సింది.

చట్టం కొత్తగా మొదటి నుంచి రాసుకోవాల్సిన పనీ లేదు. కేంద్రం 2018లో విడుదల చేసిన నమూనా కాంట్రాక్టు సేద్యం చట్టంలో పంటలతో పాటు పశుసంపద కూడా ఉంది. తమిళనాడు 2019లో ఆ దారిలో చట్టం చేసింది. దానికి మన ఆయిల్ పామ్ చట్టం నుంచి ధర సూత్రాన్ని ప్రభుత్వం పర్యవేక్షించే పద్ధతిని కలుపుకుంటే కోడికి సరిపడే చట్టం తయారవుతుంది. ఒప్పందం నకలు మండల పశువైద్యాధికారి దగ్గర నమోదు కావాలి. ఆఖరి కోడి ఎత్తిన 15 రోజుల్లో లెక్క చీటీతో సహా డబ్బు జమ కావాలి. హామీ పేరుతో సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు తీసుకోవడం నేరం కావాలి. ఈ చెక్కుల భయం ఉన్నంతకాలం పైన చెప్పిన ఏ తూకానికీ రైతు నోరు తెరవడు.

చట్టం వచ్చేలోపు పెంపకందారులు చేయగలిగిన పని ఒకటుంది. డిజిటల్ కాటా ఒకటి షెడ్డులో పెట్టుకోండి. ప్రతి లోడులో పది బస్తాలు, ప్రతి దింపులో ఐదు పిల్లల పెట్టెలు తూచి, కాటా అంకె, బస్తా లేబులు రెండూ కనపడేలా ఫొటో తీసి అదే నిమిషాన సూపర్‌వైజర్‌కు వాట్సాప్ చేయండి. మూడు బ్యాచ్‌ల ఫొటోలు ఒకచోట చేరాక ఊరి పెంపకందారులంతా కలిసి కూర్చుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
కొందరు బ్రాయిలర్ పెంపకందారులు,
రంగారెడ్డి జిల్లా